బిడ్డ ఐసీయూలో ఉన్నప్పుడు పరిశోధనకు సంతకం పెట్టాలా?

ప్రాణాపాయంలో ఉన్న పిల్లలపై జరిగే వైద్య పరిశోధనలో మందు పడేది ఒకరికి, సంతకం పెట్టేది మరొకరు. పెద్దవాళ్లయితే తమ ఒంటి సంగతి తామే తేల్చుకుంటారు. పసిపిల్లల తరఫున ఆ నిర్ణయం అమ్మానాన్నలు తీసుకోవాలి. అదీ బిడ్డ వెంటిలేటర్ మీద ఉన్నప్పుడో, రక్త క్యాన్సర్ అని తేలిన వారంలోనో. తెలుగు నేల మీద ఈ పరిస్థితి ఎక్కువగా ఎదురయ్యేది పెద్ద బోధనాసుపత్రులున్న నగరాల్లో. అలాంటి నగరాల్లో విశాఖపట్నం ఒకటి.

1923లో ఏర్పడిన కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్), దానికి అనుబంధంగా ఉన్న ఆంధ్ర వైద్య కళాశాల ఉత్తరాంధ్ర మొత్తానికీ పెద్ద దిక్కు. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు మన్యం నుంచే కాక ఒడిశాలోని కొరాపుట్, మల్కన్‌గిరి వైపు నుంచి కూడా రోగులు ఇక్కడికి వస్తారు. ఉక్కు కర్మాగారానికి దగ్గరలోని అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. క్లినికల్ ట్రయల్ అనే మాట ఈ నగరంలో చాలా ఇళ్లకు కొవిడ్ కాలంలో పరిచయమైంది. 2020 జులైలో కొవాగ్జిన్ టీకా పరీక్షలకు భారత వైద్య పరిశోధన మండలి ఎంపిక చేసిన 12 సంస్థల జాబితాలో కేజీహెచ్ పేరు కూడా ఉండటమే అందుకు కారణం.

చికిత్స వేరు, పరిశోధన వేరు

చికిత్సలో డాక్టరు చూసేది ఎదురుగా ఉన్న రోగి మేలు ఒక్కటే. పరిశోధనలో దానికి తోడు ఒక ప్రశ్నకు జవాబు రాబట్టాలి. ఈ మందు పనిచేస్తుందా, ఎంత మోతాదు సరిపోతుంది, పాత మందు కన్నా మెరుగా అన్నవి ఆ ప్రశ్నలు. జవాబు ముందే తెలిస్తే పరిశోధన అవసరమే ఉండదు. కాబట్టి ట్రయల్‌లో చేరితే బిడ్డకు తప్పకుండా మేలు జరుగుతుందని నిజాయతీ ఉన్న పరిశోధకుడెవరూ మాట ఇవ్వలేడు.

పెద్ద ట్రయళ్లలో సాధారణంగా పిల్లలను రెండు జట్లు చేస్తారు. ఒక జట్టుకు కొత్త చికిత్స, మరో జట్టుకు ఇప్పుడు నడుస్తున్న చికిత్స. ఎవరు ఏ జట్టులోకి వెళ్లాలో డాక్టరు నిర్ణయించడు. చీటీ తీసినట్టుగా కంప్యూటర్ తేలుస్తుంది. డాక్టరు ఇష్టాయిష్టాలు ఫలితాన్ని ప్రభావితం చేయకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు. తల్లిదండ్రులకు అన్నిటికన్నా అర్థం కానిదీ ఇదే. అమెరికాలో పిల్లల రక్త క్యాన్సర్ ట్రయళ్లపై 137 కుటుంబాలతో చేసిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. ఎక్కువ మంది డాక్టర్లు ఈ పద్ధతిని వివరించినా, సగం మంది తల్లిదండ్రులకు అది బుర్రకెక్కలేదని అందులో తేలింది. 

భీమవరం శాస్త్రవేత్త, బోస్టన్ పిల్లలు

పిల్లలపై పరిశోధనతో ఏం లాభం అన్న ప్రశ్నకు సమాధానం వెతికితే ఒక తెలుగువాడి పేరు తగులుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగాన్ని నడిపాడు. అక్కడ ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశాడు. ఆయన బృందం తయారుచేసిన పదార్థాలను బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి చూశాడు. ఆ రోజుల్లో ఆ జబ్బు వస్తే కొన్ని వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో ప్రాణం పోయేది.

మొదట ఇచ్చిన ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలతో మేలు జరగలేదు సరికదా, జబ్బు మరింత వేగంగా ముదిరినట్టు కనిపించింది. ఆ చేదు అనుభవం నుంచే, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందు ఇస్తే క్యాన్సర్ కణాలు తగ్గవచ్చన్న ఆలోచన వచ్చింది. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ అందించింది. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. అమినోప్టెరిన్ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో ముఖ్యమైన మందు. తర్వాతి దశాబ్దాల్లో వేలమంది పిల్లలను వరుస ట్రయళ్లలో చేర్చుకుంటూ, మందుల కలయికనూ మోతాదునూ సవరించుకుంటూ వచ్చారు. ఫలితంగా సంపన్న దేశాల్లో, పిల్లలకు ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్ రకం సోకినవారిలో సుమారు 90 శాతం మంది బతుకుతున్నారు. భారత్‌లో కూడా ముంబయి, కోల్‌కతా, దిల్లీ, చండీగఢ్, చెన్నై నగరాల్లోని పెద్ద కేంద్రాలు కలిసి పిల్లల రక్త క్యాన్సర్‌పై ఉమ్మడి ట్రయల్ నడిపాయి.

ఈ కథలో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. తొలి మందులతో జబ్బు ముదిరిన పిల్లలకు పరిశోధన వల్ల ఒరిగిందేమీ లేదు. జబ్బు కొన్నాళ్లు తగ్గిన పిల్లలు కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. మేలు పొందింది వాళ్ల తర్వాత పుట్టిన పిల్లలు.

పెద్దల మందు పిల్లలకు సరిపోదా?

పెద్దలపై పరీక్షించిన మందును బరువును బట్టి తగ్గించి పిల్లలకు ఇస్తే చాలదా అన్న సందేహం సహజం. చాలదని చరిత్ర చెబుతోంది. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌ను నవజాత శిశువులకు ఇచ్చినప్పుడు కొందరు బూడిద రంగుకు తిరిగి చనిపోయారు. ఆ మందును విరిచి బయటకు పంపే శక్తి పసికందుల కాలేయానికి ఇంకా రాలేదని 1950ల చివర్లో బయటపడింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఊపిరి నిలబెట్టేందుకు ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చిన రోజుల్లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 10 వేల మంది పిల్లలు చూపు కోల్పోయారు. దానికి కారణం అతి ఆక్సిజనే అని నిర్ధారించింది 1953–54లో జరిగిన ట్రయల్. మంచిదని గట్టిగా నమ్మి చేస్తున్న చికిత్సే ఆ పిల్లల కళ్లు తీసింది.

ఇంత పాతవి కాని ఉదాహరణలూ ఉన్నాయి. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో తీవ్ర జ్వరంతో, రక్తప్రసరణ దెబ్బతిని వచ్చిన 3,141 మంది పిల్లలపై ఒక ట్రయల్ జరిగింది. సెలైన్‌ను ఒక్కసారిగా వేగంగా ఎక్కించడం మేలన్నది అప్పటిదాకా వైద్యుల నమ్మకం. అలా ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లోపు మరణాలు 10.5 శాతం దాటాయి. ఎక్కించని పిల్లల్లో అవి 7.3 శాతమే. 2011లో ఈ ఫలితం వచ్చాక అలాంటి ఆసుపత్రుల్లో చికిత్స పద్ధతి మీదే చర్చ మొదలైంది.

పుట్టగానే ఏడవని బిడ్డ

తెలుగు తల్లిదండ్రులకు మరింత దగ్గరగా ఉండే ఉదాహరణ హెలిక్స్ ట్రయల్. కాన్పు సమయంలో ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న శిశువులను 72 గంటలపాటు 33–34 డిగ్రీల సెల్సియస్ వద్ద చల్లగా ఉంచడం సంపన్న దేశాల్లో ప్రామాణిక చికిత్స. మన ఆసుపత్రుల్లో కూడా అది అంతే పనిచేస్తుందా అని తేల్చేందుకు భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని ఏడు పెద్ద ఆసుపత్రుల్లో 2015–19 మధ్య 408 మంది శిశువులను చేర్చుకున్నారు. 2021లో ఫలితాలు వచ్చాయి. మరణం, వైకల్యం రెండూ కలిపి చూస్తే చల్లబరచడం వల్ల తేడా లేదు. మరణాలు మాత్రం చల్లబరచిన జట్టులో 84, అంటే 42 శాతం. రెండో జట్టులో 63, అంటే 31 శాతం.

సంపన్న దేశాల చికిత్స దొరికిందని సంబరపడిన తల్లిదండ్రుల బిడ్డలకే ఎక్కువ ముప్పు ఎదురైందన్నమాట. చీటీలో అది దక్కలేదని బాధపడిన వాళ్ల బిడ్డలకు అదే మేలైంది. ఏ జట్టు అదృష్టవంతులదో ముందుగా ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే ట్రయల్ జరిపారు. ఒకవేళ జరపకుండా ఈ చికిత్సను ఇలాంటి ఆసుపత్రులన్నిటిలోనూ పెట్టేసి ఉంటే, జరిగిన నష్టం ఎవరి లెక్కకూ వచ్చేది కాదు.

ఇక్కడ తల్లిదండ్రుల ఇబ్బంది గడియారంతో ముడిపడి ఉంది. చల్లబరచే చికిత్స పుట్టిన ఆరు గంటల్లోపు మొదలవ్వాలి. తల్లి కాన్పు గదిలోనో, ఆపరేషన్ మత్తులోనో ఉంటుంది. తండ్రి రక్తం కోసమో, మందుల చీటీ పట్టుకునో పరుగులు తీస్తుంటాడు. ఆ హడావిడిలో చేతికందిన కాగితాలను చదివి, అర్థం చేసుకుని, ఆలోచించి చెప్పడం ఎంత చదువుకున్నవాళ్లకైనా కష్టమే. ఆఫ్రికా ట్రయల్‌లో దీనికి ఒక దారి వెతికారు. మొదట నాలుగు ముక్కల్లో విషయం చెప్పి నోటిమాటగా ఒప్పుదల తీసుకున్నారు. బిడ్డ పరిస్థితి కాస్త కుదుటపడ్డాక పూర్తిగా వివరించి సంతకం తీసుకున్నారు. పరిశోధనలను పరిశీలించే నైతిక కమిటీల ముందస్తు అనుమతితోనే ఇలా చేశారు. ఈ పద్ధతి సరైనదేనా అన్న చర్చ నేటికీ నడుస్తోంది.

‘మీరు ఎలా చెబితే అలా డాక్టరుగారూ’

మన ఆసుపత్రుల్లో తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినిపించే మాట ఇది. ఇందులో నమ్మకం ఉంది, మర్యాద ఉంది, భయం కూడా ఉంది. కాదంటే బిడ్డను సరిగా చూడరేమో, మంచం ఖాళీ చేయమంటారేమో అన్న అనుమానం లోపల ఉంటుంది. పోర్టులోనో, ఉక్కు కర్మాగారంలోనో ఉద్యోగం ఉన్నవారికి సంస్థ ఆసుపత్రి అండ ఉంటుంది. కాంట్రాక్టు కూలీకి, మన్యం నుంచి వచ్చిన గిరిజన కుటుంబానికి ప్రభుత్వాసుపత్రి తప్ప మరో గడప లేదు. వేరే దారి లేనివాడు అన్న ‘సరే’, నిజంగా ఒప్పుకుని అన్న ‘సరే’ ఒకటి కావు. కువి వంటి గిరిజన భాషో, ఒడియానో మాట్లాడే తల్లికి తెలుగు కాగితం చదివి వినిపించినంత మాత్రాన వివరించినట్టు కాదు.

తల్లిదండ్రులు ట్రయల్‌కు ఒప్పుకోవడానికి ముఖ్యంగా మూడు కారణాలు కనిపిస్తాయి. తమ బిడ్డకు మేలు జరుగుతుందన్న ఆశ, డాక్టరు మీద నమ్మకం, మరో బిడ్డకైనా పనికొస్తుందన్న సద్భావం. వద్దనడానికి కారణాలూ అంతే మానవ సహజం. బిడ్డ మీద ప్రయోగాలు చేస్తారన్న భయం, ఇంకో సూదిపోటు పడకూడదన్న జాలి, ఇంట్లో పెద్దలు ఒప్పుకోకపోవడం. ఈ రెండు నిర్ణయాల్లో ఏదీ తప్పు కాదు. ఒప్పుకున్నాక బిడ్డకు ఏదైనా జరిగితే మనమే బలి ఇచ్చామని, వద్దన్నాక బిడ్డ దక్కకపోతే ఒప్పుకుని ఉండాల్సిందని తల్లిదండ్రులు తమను తామే నిందించుకుంటారు. ముందే సరిగా వివరించి ఉంటే ఆ నింద భారం కొంతైనా తగ్గుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో ఈ వ్యవహారాన్ని నడిపేవి ప్రధానంగా రెండు. ఒకటి, 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయళ్ల నియమాలు. రెండోది, భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాలు. 18 ఏళ్లలోపు వారి తరఫున తల్లి, తండ్రి లేదా చట్టబద్ధ సంరక్షకుడు సమ్మతి ఇవ్వాలి. ముప్పు స్వల్పమైనప్పుడు, లేదా బిడ్డకే నేరుగా మేలు జరిగే అవకాశం ఉన్నప్పుడు ఒకరి సమ్మతి చాలు. ముప్పు ఎక్కువగా ఉండి, బిడ్డకు నేరుగా మేలు లేని పరిశోధన అయితే ఇద్దరి సమ్మతీ కోరవచ్చు. 7 నుంచి 12 ఏళ్ల పిల్లలను నోటిమాటగా, 12 నుంచి 18 ఏళ్ల వారిని రాతపూర్వకంగా వాళ్ల ఇష్టం కూడా అడగాలి.

వివరాల పత్రం తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవడం రాని వారికి వివరించేటప్పుడు, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు మొదటి నుంచి చివరి వరకు పక్కనే ఉండాలి. సరికొత్త మందుల ట్రయళ్లలో పిల్లల వంటి బలహీన వర్గాలను చేర్చేటప్పుడు సమ్మతి తీసుకునే తీరును దృశ్య, శ్రవణ రూపంలో రికార్డు చేయాలి. సంతకం చేసిన పత్రం ప్రతి ఒకటి కుటుంబం చేతికి ఇవ్వాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు, కారణం చెప్పకుండానే తప్పుకునే హక్కు ఉంటుంది. తప్పుకున్నందుకు మామూలు చికిత్స ఆగకూడదు. ఎన్టీఆర్ వైద్య సేవ వంటి పథకాల కింద అందే వైద్యానికీ, ట్రయల్‌కు ఒప్పుకోవడానికీ ముడిపెట్టే వీలు లేదు.

ప్రతి ట్రయల్‌నూ ముందుగా నైతిక కమిటీ పరిశీలించాలి. ఇందులో కనీసం ఏడుగురు ఉండాలి. డాక్టర్లతో పాటు ఒక న్యాయ నిపుణుడు, ఒక సామాన్య పౌరుడు, కనీసం ఒక మహిళ తప్పనిసరి. సభ్యుల్లో కనీసం సగం మందికి ఆ ఆసుపత్రితో సంబంధం ఉండకూడదు. తీవ్రమైన దుష్ఫలితం ఏదైనా కనిపిస్తే పరిశోధకుడు 24 గంటల్లోపు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకూ, నైతిక కమిటీకీ, ట్రయల్ ఖర్చు భరిస్తున్న సంస్థకూ తెలియజేయాలి.

ఖమ్మం నేర్పిన పాఠం

ఈ నియమాలు ఇంత కట్టుదిట్టంగా తయారు కావడం వెనుక తెలుగు నేల మీద జరిగిన ఒక ఘటన కూడా ఉంది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ భారత వైద్య పరిశోధన మండలితో, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఆ కార్యక్రమం నడిపింది. ఆ బాలికలు జబ్బుపడిన వారు కారు, ఆరోగ్యవంతులు. చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నవారు. బాలికల మరణాల వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. కానీ సమ్మతి తీసుకున్న తీరు మాత్రం దిగ్భ్రాంతి కలిగించింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, రాష్ట్రంలో పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 పత్రాలపై సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. 1,948 పత్రాలపై ఉన్నవి వేలిముద్రలు. చాలా చోట్ల కన్నవాళ్లను అడగకుండానే బిడ్డల తరఫున నిర్ణయం జరిగిపోయింది. ఆరోగ్యవంతుల విషయంలోనే ఇలా జరిగితే, మంచాన పడ్డ పిల్లల విషయంలో ఎంత జాగ్రత్త కావాలో చెప్పనక్కర్లేదు.

హాని జరిగితే

ట్రయల్ సమయంలో బిడ్డకు హాని కలిగితే, అది ట్రయల్ వల్ల కాదని తేలేదాకా ఉచితంగా వైద్యం చేయించాలి. ట్రయల్ వల్లే మరణం సంభవిస్తే 2019 నియమాల్లోని సూత్రం ప్రకారం పరిహారం చెల్లించాలి. రూ.8 లక్షలను మూలంగా తీసుకుని, వయసు గుణకంతోనూ, జబ్బు తీవ్రతను తెలిపే అంకెతోనూ హెచ్చించి, 99.37తో భాగిస్తారు. 16 ఏళ్లు మించని పిల్లల వయసు గుణకం 228.54. ఆరోగ్యవంతులైన పిల్లలకు తీవ్రత అంకె 4. ఆరు నెలలకు మించి బతకరన్న స్థితిలో చేరినవారికి 0.5. ఈ లెక్కన మొదటి సందర్భంలో పరిహారం దాదాపు రూ.73.6 లక్షలు, రెండో సందర్భంలో సుమారు రూ.9.2 లక్షలు. 30 రోజుల్లో మరణించే అవకాశం 90 శాతం లేదా అంతకు మించి ఉన్నవారి విషయంలో రూ.2 లక్షలుగా స్థిరపరిచారు. జబ్బు ఎంత ముదిరితే పరిహారం అంత తగ్గుతుందన్నది చాలామంది తల్లిదండ్రులకు ఎవరూ చెప్పని సంగతి.

పరిశోధన ముసుగులో వ్యాపారం

తీరని జబ్బులున్న పిల్లల తల్లిదండ్రులకు మరో ప్రమాదం పొంచి ఉంది. మస్తిష్క పక్షవాతం, కండరాల క్షీణత, ఆటిజం వంటి వాటికి మూలకణ చికిత్స పేరుతో లక్షలు వసూలు చేసే ప్రకటనలు కనిపిస్తుంటాయి. రక్త సంబంధ వ్యాధుల్లో చేసే మూలుగ మార్పిడి వంటి నిరూపితమైన చికిత్సలు మినహా, మూలకణాలను అనుమతి పొందిన ట్రయళ్లలో తప్ప వాడకూడదని భారత వైద్య పరిశోధన మండలి మూలకణ పరిశోధనపై విడిగా ఇచ్చిన 2017 మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. పరీక్షిస్తున్న మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోవడం అసలైన ట్రయల్ లక్షణం కాదు. అలాగే బిడ్డను చేర్చినందుకు తల్లిదండ్రులకు సొమ్ము ముట్టజెప్పడమూ సరికాదు. దారిఖర్చుల వంటివి మాత్రం ఇవ్వవచ్చు.

వెన్నెముక కండరాల క్షీణత వంటి అరుదైన జబ్బులకు కోట్లు ఖరీదు చేసే మందులున్నాయి. వాటి కోసం విరాళాలు సేకరించే తెలుగు కుటుంబాలు కొన్ని ట్రయళ్ల కోసం కూడా వెతుకుతున్నాయి. అలాంటివారు ముందుగా హైదరాబాద్ నిమ్స్‌లోని అరుదైన వ్యాధుల కేంద్రాన్ని సంప్రదించడం మేలు. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద అర్హులకు రూ.50 లక్షల వరకు సాయం అందే వీలుంది.

సంతకానికి ముందు అడగాల్సినవి

తల్లిదండ్రులు డాక్టరును మొహమాటం లేకుండా అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇది చికిత్సా, పరిశోధనా? చేరకపోతే మా బిడ్డకు ఏ వైద్యం అందుతుంది? ఏ జట్టులోకి వెళ్లేదీ ఎవరు నిర్ణయిస్తారు? మామూలు వైద్యానికి అదనంగా ఎన్నిసార్లు రక్తం తీస్తారు, ఎన్ని రోజులు ఉండాలి? ఇది మొదటి దశ ట్రయలా? మొదటి దశలో ప్రధానంగా చూసేది మోతాదును, భద్రతను. జబ్బు తగ్గుతుందన్న ఆశ అక్కడ తక్కువే. హాని జరిగితే ఎవరిని కలవాలి? నైతిక కమిటీ ఫోన్ నంబరు పత్రంలో ఉందా? భారత క్లినికల్ ట్రయళ్ల రిజిస్ట్రీలో దీని నమోదు సంఖ్య ఎంత? 2009 జూన్ 15 నుంచి మన దేశంలో ట్రయళ్ల నమోదు తప్పనిసరి. ఆ సంఖ్య ఉంటే వివరాలను ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.

విన్నదాన్ని డాక్టరుకే సొంత మాటల్లో తిరిగి చెప్పి చూడటం మంచి పద్ధతి. చెప్పలేకపోతే ఇంకా అర్థం కాలేదని గుర్తు. అప్పుడు మళ్లీ అడగడంలో తప్పులేదు, మళ్లీ చెప్పడం పరిశోధకుడి బాధ్యత. వ్యవధి ఉంటే పత్రాన్ని ఇంటికి తీసుకెళ్లి చదివించుకోవచ్చు, మరో డాక్టరును సంప్రదించవచ్చు. ఒప్పుకున్నాక మనసు మారితే ఆ మాట చెప్పి తప్పుకోవచ్చు. ఒప్పుకున్నా వద్దన్నా బిడ్డకు అందాల్సిన వైద్యం అందాల్సిందే. ఆ భరోసా ఇవ్వని చోట ఏ తల్లిదండ్రులూ సంతకం పెట్టకూడదు.